వేడినీటి విత్తనశుద్ధి: డిగ్రీలు చెప్పని సలహాతో మొలక పోతుంది

సంపాదకులు గారికి నమస్కారం.

తొలకరికి ముందు సేద్యం పేజీల్లోనూ, రైతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఏటా ఒక సలహా తిరుగుతుంటుంది. వరి విత్తనాన్ని పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచి నారు పోసుకుంటే విత్తనం ద్వారా వచ్చే తెగుళ్లు రావని, మందు ఖర్చు కూడా తప్పుతుందని దాని సారాంశం. సలహా మంచిదే. కానీ నీళ్లు ఎన్ని డిగ్రీలుండాలో, వేయాల్సింది పొడి విత్తనమో నానిన విత్తనమో, ఎన్ని కిలోల వడ్లకు ఎన్ని లీటర్లు కావాలో ఎక్కడా ఉండదు. వేడినీళ్లంటే ఒకరికి స్నానానికి తోడుకునే నీళ్లు, ఇంకొకరికి వేలు పెడితే కాలే నీళ్లు. స్నానం నీళ్లు 42, 43 డిగ్రీలు దాటవు. వాటిలో పది నిమిషాలుంచితే ఏ తెగులూ చావదు. రెండో రకం నీళ్లు 70 దాటాయంటే ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకేసినట్టే. ఇలా చేసి మొలక పోగొట్టుకున్నవాళ్లు అసలు పద్ధతే దండగని చెబుతున్నారు. అందుకని లెక్కలతో సహా నాలుగు మాటలు రాస్తున్నాం, వీలైతే కోతలు లేకుండా వేయండి.

పద్ధతి పాతదే. డెన్మార్క్‌కు చెందిన యెన్సెన్ 1880ల చివర్లో ఓట్లు, బార్లీల కాటుక తెగులు (గింజ నల్లటి పొడిగా మారే తెగులు) మీద దీన్ని నిలబెట్టాడు. గోధుమలో గాలికి ఎగిరే కాటుకతో ఒక చిక్కుంది. పూత మీద పడ్డ శిలీంధ్ర బీజం గింజ తయారయ్యేటప్పుడే లోపలి మొలక భాగంలోకి చేరి పడుకుంటుంది. బయటికి గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది, పైన పట్టించే మందు లోపలికి అందదు. 1960లలో కార్బాక్సిన్ లాంటి లోపలికి పాకే మందులు వచ్చేదాకా దీనికి వేడి తప్ప దారి లేదు. మన దేశంలోనే 1930లలో లూథ్రా, సత్తార్ అనే శాస్త్రవేత్తలు పంజాబ్ గోధుమకు పొయ్యి కూడా అక్కర్లేని పద్ధతి చూపించారు. మే, జూన్ ఎండల్లో విత్తనాన్ని పొద్దున నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి, మధ్యాహ్నం నాలుగు గంటలు పలచగా నిండు ఎండలో ఆరబోయాలి. ఇది గోధుమ కాటుకకు కుదిరిన కొలత. దీన్నే వరికి చెప్పేవాళ్లు అప్పుడప్పుడూ కనిపిస్తారు, ఆ మాట నమ్మకండి.

వరిలో వేడినీళ్లు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆకు కొన తెల్లబడే నులిపురుగుకు. ఈ పురుగు మిల్లీమీటరు కన్నా చిన్నది, గింజ మీది ఊక లోపల చుట్ట చుట్టుకుని ఎండిపోయిన స్థితిలో రెండు మూడేళ్లయినా బతుకుతుంది. నారుమడిలో గింజ నానగానే లేచి మొక్క ఎక్కుతుంది. ఆకుల కొనలు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మేర తెల్లబడి తర్వాత చీలికలవుతాయి. పోటాకు (వెన్ను కిందుండే చివరి ఆకు) మెలిపడి వెన్ను సరిగా బయటికి రాదు, వచ్చినా గింజలు చిన్నవిగా, వంకరగా ఉంటాయి. దీన్ని చూసి జింకు లోపమనో, చౌడనో అనుకుని పైమందులు కొట్టేవాళ్లే ఎక్కువ. ఇది నేలలో ఎక్కువ కాలం బతకదు. దీని కాపురమంతా విత్తనంలోనే కాబట్టి విత్తనాన్ని శుభ్రం చేస్తే ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండోది బకానె తెగులు. నారుమడిలో కొన్ని మొక్కలు పక్కవాటికన్నా జానెడు పొడవుగా, సన్నగా, పాలిపోయి పెరుగుతాయి. నాటాక చాలావరకు చచ్చిపోతాయి. ఆ పొడవుకు కారణం శిలీంధ్రం వదిలే ఒక పదార్థమేనని 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త తేల్చాడు. దానికే తర్వాత జిబ్బరెల్లిన్ అని పేరొచ్చింది. ద్రాక్ష గుత్తులకు వాడేది, కరీంనగర్ వైపు హైబ్రిడ్ వరి విత్తన రైతులు వెన్ను బయటికి రావడానికి పిచికారీ చేసేది ఈ కుటుంబం మందే. తెగులుగా చూస్తే మాత్రం ఇది విత్తనంతో ఊళ్లు దాటే రకం. గోధుమ రంగు మచ్చ, అగ్గితెగులు శిలీంధ్రాలు కూడా గింజ మీద ఉంటాయి. వాటి మీదా వేడినీళ్లు పనిచేస్తాయి.

విత్తనశుద్ధి అనగానే మన దగ్గర కార్బెండజిమ్ అంటారు. మెట్ట నారుమడికైతే కిలోకు 3 గ్రాములు పట్టిస్తారు, దంప (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) నారుమడికైతే లీటరుకు 1 గ్రాము కలిపిన నీళ్లలో 24 గంటలు నానబెడతారు. చాలా శిలీంధ్రాలకు అది చాలు. నులిపురుగును, బాక్టీరియాను అది ఏమీ చేయదు. పైగా ఆ కుటుంబం మందులకు శిలీంధ్రం అలవాటుపడిపోవచ్చు. జపాన్‌లో అదే కుటుంబానికి చెందిన బెనొమిల్‌కు లొంగని బకానె శిలీంధ్రం 1980ల నాటికే కనిపించింది. విత్తనం నానబెట్టి మిగిలిన మందు నీళ్లను ఎక్కడ పారబోయాలన్నది కూడా అక్కడ పెద్ద తలనొప్పి అయింది. వేడినీటి యంత్రాలు అక్కడి సహకార సంఘాల్లోకి రావడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు. మన దగ్గర ఆ నీళ్లు పశువులు తాగే కాలువలోకో, బాతులు తిరిగే గుంటలోకో పోతున్నాయి. దాని గురించి అడిగేవాళ్లు లేరు.

ఇక అసలు సంగతికొస్తే, వరికి రెండు కొలతలున్నాయి. ఒకదాన్ని ఇంకొకదానితో కలిపితే విత్తనం పోతుంది.

మొదటిది పొడి విత్తనానికి. తేమ 13 శాతం మించని వడ్లను 60 డిగ్రీల సెంటీగ్రేడ్ నీళ్లలో పది నిమిషాలుంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చాలి. జపాన్‌లో స్థిరపడిన కొలత ఇదే. వడ్లు పొడిగా ఉన్నప్పుడు మొలక భాగంలోని మాంసకృత్తులు వేడికి తొందరగా చెడవు. నీళ్లు ఊక దాటి లోపలికి ఇంకేలోపే పని అయిపోవాలి. విత్తనం ఎంత బాగా ఎండితే అంత వేడి తట్టుకుంటుంది. పది శాతం లోపు తేమకు ఎండబెట్టిన విత్తనాన్ని 65 డిగ్రీల దాకా తీసుకెళ్లవచ్చని అక్కడి పరిశోధనల్లో తేలింది. మన రైతులు ఆ 65 జోలికి వెళ్లనక్కర్లేదు. ఇక్కడి తేమకు విత్తనం 10 శాతం దగ్గర నిలవదు.

రెండోది నానిన విత్తనానికి, ముఖ్యంగా నులిపురుగు కోసం. చన్నీళ్లలో 18 నుంచి 24 గంటలు నానబెట్టిన విత్తనాన్ని 51 నుంచి 53 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాలు ఉంచాలి. నానబెట్టడం వల్ల ఎండి పడుకున్న పురుగు నిద్ర లేస్తుంది. లేచిన పురుగు తక్కువ వేడికే చస్తుంది. అయితే విత్తనం కూడా అదే సమయంలో లేస్తుంది కాబట్టి అది తట్టుకునే వేడీ పడిపోతుంది. నానిన విత్తనాన్ని తీసుకెళ్లి 60 డిగ్రీల్లో ముంచడం మొలక పోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం. పొడి విత్తనాన్ని 52 డిగ్రీల్లో ముంచితే నష్టమేమీ ఉండదు, ఎండిన పురుగుకు కూడా నష్టముండదు. మన మే నెలలో తొట్టి నీళ్లే 32 డిగ్రీలుంటాయి. అలాంటి నీళ్లలో 24 గంటలు నానితే కొన్ని గింజలకు ముక్కు పగలడం మొదలవుతుంది. ముక్కు పగిలిన గింజ వేడినీళ్లలో బతకదు. అందుకని ఎండాకాలంలో నీడలో, మధ్యలో నీళ్లు మారుస్తూ 18 గంటలకు ఆపడం మంచిది. ముంచేముందు ఓ పిడికెడు తీసి ముక్కు దగ్గర తెల్లగా కనిపిస్తోందేమో చూసుకోండి.

ఇంటి దగ్గర చేసేవారికి, పరికరాలు తక్కువగా ఉన్నవారికి మేం చెప్పేది మొదటి కొలతే. ముందు రోజు నుంచి నానబెట్టే పని లేదు, శుద్ధి చేశాక ఆరబెట్టి దాచుకోవచ్చు కూడా.

ఇప్పుడు నీళ్ల లెక్క. అందరూ తప్పు చేసేది ఇక్కడే. 30 డిగ్రీల్లో ఉన్న వడ్లను వేడినీళ్లలో వేయగానే నీళ్లు చల్లబడతాయి. వంద లీటర్లలో పది కిలోల పొడి వడ్లు వేస్తే 60 డిగ్రీలు కాస్తా 59 కిందికి, అంటే ఒక డిగ్రీ పైచిలుకు దిగుతాయి. అవే పది కిలోలను ముప్పై లీటర్ల గంగాళంలో వేస్తే మూడున్నర డిగ్రీలు పడిపోతాయి. 56 డిగ్రీల దగ్గర పది నిమిషాలుంచితే తెగులు పూర్తిగా పోదు. అప్పుడు కింద మంట పెంచుతారు, అడుగు నీళ్లు 70 అవుతాయి, పైన 57 ఉంటాయి. అడుగున ఉన్న విత్తనం చస్తుంది, పైన ఉన్న తెగులు బతుకుతుంది. కాబట్టి కిలో వడ్లకు పది లీటర్ల నీళ్లు ఉండాల్సిందే, అంతకు తగ్గించవద్దు. ఏ గిన్నెలో అయినా ముంచే సమయంలో కింద మంట ఉండకూడదు.

వంద లీటర్ల 60 డిగ్రీల నీళ్లకు 30 డిగ్రీల నీళ్లు 57 లీటర్లు, తెరలుతున్న నీళ్లు 43 లీటర్లు కలపాలి. డ్రమ్ము కూడా కొంత వేడి లాగేసుకుంటుంది, మోసుకొచ్చేలోపు మరిగిన నీళ్లూ కొంత చల్లారతాయి. అందుకని ఇంకో నాలుగైదు లీటర్లు మరిగిన నీళ్లు పక్కన ఉంచుకోవాలి. అరకు లాంటి ఎత్తు ప్రాంతాల్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడ మరో రెండు లీటర్లు పట్టవచ్చు. లెక్క అంచనాకే, చివరి మాట థర్మామీటరుది. బాగా కలిపి 61 నుంచి 61.5 చూపించేలా ఉంచుకుంటే వడ్లు పడగానే 60కి దిగుతుంది. ఒక విడత తీశాక మూడు లీటర్ల నీళ్లు తీసేసి మూడు లీటర్లు మరిగినవి పోస్తే దిగిన వేడి తిరిగొస్తుంది. సంచితో పాటు పోయిన నీళ్లు, గాలికి పోయిన వేడి లెక్కలోకి తీసుకుంటే ఇంకొంచెం పడుతుంది. ఎకరానికి పాతిక కిలోల విత్తనమంటే మూడు విడతలు, గంటలో అయిపోయే పని. వంద లీటర్లను 30 నుంచి 60కి తేవడానికి మూడున్నర యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, గ్యాసు మీదైతే సుమారు అరకిలో. దీన్ని ఖరీదైన పద్ధతి అనడంలో అర్థం లేదు.

నానిన విత్తనం చేసేటప్పుడు వేడి ఇంకా ఎక్కువ పడిపోతుంది. పది కిలోల వడ్లు నానితే పదమూడు కిలోలవుతాయి, సంచిని పట్టుకుని వచ్చే నీళ్లు వేరే. వంద లీటర్లలో దాదాపు రెండు డిగ్రీలు దిగుతుంది. 51 నుంచి 53 మధ్య పనిచేసేటప్పుడు రెండు డిగ్రీలంటే చాలా ఎక్కువ. అందుకని పక్కన ఇంకో తొట్టిలో 45 డిగ్రీల నీళ్లు పెట్టుకుని, అందులో రెండు మూడు నిమిషాలు ముంచి, నీళ్లు ఓడ్చి, అప్పుడు అసలు డ్రమ్ములో వేయాలి.

థర్మామీటరు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. జ్వరం చూసే థర్మామీటరు 42 డిగ్రీలతో ఆగిపోతుంది, వేడినీళ్లలో పెడితే పగులుతుంది. సున్నా నుంచి వంద డిగ్రీల దాకా ఉన్న గాజు థర్మామీటరు గానీ, వంటకు వాడే పుల్ల లాంటి డిజిటల్‌ది గానీ తీసుకోవాలి. కొన్నాక ఒకసారి సరిచూసుకోవాలి. దంచిన ఐసు ముక్కల్లో కొద్దిగా నీళ్లు పోసి పెడితే సున్నా చూపించాలి. రెండు డిగ్రీలు తేడా ఉంటే ఆ తేడా రాసిపెట్టుకుని వాడుకోవచ్చు, అంతకు మించితే పారేయండి. వేడిని నీళ్ల పైన కొలిచి వదిలేయడం ఇంకో తప్పు. కర్రతో తిప్పి, మధ్యలోనూ అడుగునా కొలవాలి. చెయ్యి పెట్టి చూసి చెప్పేవాళ్ల మాట వినకండి, 52కీ 60కీ చెయ్యి తేడా చెప్పలేదు.

సంచి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం విఫలమయ్యేది దీనివల్లే. గోనె సంచిలో విత్తనం నింపి ముంచితే నీళ్లు మధ్యలోకి చేరేసరికి ఐదు నిమిషాలవుతుంది, బయటికి తీశాక అదే గోనె వేడిని పట్టుకుని కూర్చుంటుంది. ఉల్లిపాయల జాలీ సంచిలో వడ్లు కారిపోతాయి. దోమతెర గుడ్డతో కుట్టించిన సంచి బాగుంటుంది. ఒక్కో సంచిలో నాలుగైదు కిలోలకు మించకుండా, సగం ఖాళీగా ఉంచి మూతి కట్టాలి. వడ్ల మధ్య, ఊక కింద గాలి చిక్కుకుని ఉంటుంది. ముంచగానే సంచిని నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే బుడగలు పోతాయి. తర్వాత కూడా నిమిషానికోసారి కదుపుతుండాలి. ముంచాక నిమిషంలోపు నీళ్లు 60 దగ్గర నిలబడాలి, అప్పటి నుంచి పది నిమిషాలు లెక్క. రెండు మూడు నిమిషాలైనా నిలబడలేదంటే వడ్లు ఎక్కువ వేశారన్నమాట. సమయం పెంచి సరిపెట్టుకోవద్దు, వచ్చే విడతలో వడ్లు తగ్గించండి.

తాలు గింజలు ముందే తీసేయాలి. పది లీటర్ల నీళ్లలో కిలోన్నర ఉప్పు కరిగించి వడ్లు పోస్తే తాలు, తెగులుతో పొట్టి పడ్డ గింజలు తేలతాయి. వాటిలోనే తెగులు ఎక్కువ. మునిగినవాటిని రెండు మూడు మంచి నీళ్లతో కడగాలి. కానీ ఉప్పునీళ్ల తర్వాత వడ్లు తడిసి ఉంటాయి. వెంటనే 60 డిగ్రీల్లో వేయాలంటే ఉప్పునీళ్లు, కడగడం అంతా కలిపి అరగంటలోపు అయిపోవాలి. లేదంటే ముందు రోజు చేసి పూర్తిగా ఆరబెట్టాలి. పొద్దున ఉప్పునీళ్లలో వేసి, మధ్యాహ్నం భోంచేసి వచ్చి వేడినీళ్లలో వేస్తే అవి పొడి విత్తనాలూ కావు, నానిన విత్తనాలూ కావు. ఏ కొలతా వాటికి సరిపోదు.

పది నిమిషాలు కాగానే సంచి నేరుగా చన్నీళ్లలోకి వెళ్లాలి. బోరు నీళ్లయినా, పారే కాలువ నీళ్లయినా ఫర్వాలేదు, ఐసు అక్కర్లేదు. ఐదు నిమిషాలకు తగ్గకుండా, సంచి మధ్యలో చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఉంచాలి. బకెట్టులో ముంచితే రెండో సంచికే ఆ నీళ్లు వేడెక్కిపోతాయి, మారుస్తుండాలి. నేల మీద కుప్ప పోసి "ఆరుతాయిలే" అని వదిలేస్తే కుప్ప మధ్యలో ఇంకో పావుగంట ఉడుకుతూనే ఉంటాయి.

చల్లారాక వెంటనే నారు పోసేదుంటే మామూలుగా నానబెట్టి, మండె కట్టుకోవచ్చు, అంటే మొలక రావడానికి మూటకట్టి ఉంచుకోవచ్చు. దాచుకునేదుంటే నీడలో పలచగా ఆరబోసి 13 శాతం తేమకు తేవాలి. మే నెల మధ్యాహ్నం సిమెంటు కళ్లం మీద పోయకూడదు, తడి విత్తనానికి అది రెండో వేడినీళ్ల స్నానం అవుతుంది. పాత గోనెలు వాడకండి. గోనె పీచులో, పాత ఊకలో ఉన్న పురుగు, శిలీంధ్రం మళ్లీ ఎక్కుతాయి. వేడినీళ్లు విత్తనం మీద ఏ మందూ మిగల్చవు కదా, నారుమడి మట్టిలోని శిలీంధ్రాలకు అడ్డేమీ ఉండదు. అందుకని చల్లారిన తర్వాత మేలు చేసే సూక్ష్మజీవుల పొడులైన ట్రైకోడెర్మా గానీ సూడోమోనాస్ గానీ కిలోకు 10 గ్రాములు పట్టిస్తే మేలు. ప్రకృతి సేద్యం చేసేవారు బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన ద్రావణం) వాడుకోవచ్చు. ఏదైనా వేడినీళ్ల తర్వాతే. ముందు పట్టించి తర్వాత వేడినీళ్లలో వేస్తే ఆ జీవాలన్నీ చస్తాయి.

కొన్ని విత్తనాలను వేడినీళ్ల దగ్గరికి తీసుకురాకూడదు. రంగు మందు పట్టించి వచ్చిన కంపెనీ ప్యాకెట్ల విత్తనం మొదటిది. మందు కడుక్కుపోతుంది, డ్రమ్ము నీళ్లు విషమవుతాయి. కుప్పల మీదుండగా తుపాను వానకు తడిసి ఆరిన వడ్లు రెండోది. డెల్టాలో నవంబరు, డిసెంబరుల్లో ఇది మామూలే. బయటికి మొలక కనిపించకపోయినా లోపల కదలిక మొదలై ఉంటుంది, అవి వేడికి ఆగవు. కోత యంత్రంలో ఊక చిట్లిన గింజలూ అంతే. చిట్లిన చోట నుంచి నీళ్లు నిమిషంలో లోపలికి పోతాయి. రెండేళ్లు దాటిన పాత విత్తనం కూడా వద్దు.

రకాల మధ్య తేడా కూడా ఉంది. 60 డిగ్రీలు, పది నిమిషాలు అన్న కొలత జపాన్ పొట్టి గింజ రకాల మీద తేలింది. అక్కడ కూడా బంక బియ్యం రకాలు దాన్ని సరిగా తట్టుకోవు. మన సన్నాలకు, నవార, కాలాబట్టి లాంటి దేశీ రకాలకు ముందు చిన్న పరీక్ష చేయాల్సిందే. అరకిలో విత్తనం శుద్ధి చేసి, అందులో 100 గింజలు, చేయనివాటిలో 100 గింజలు విడివిడిగా తడి గోనె గుడ్డలో చుట్టి ఉంచండి. ఏడో రోజున లెక్కపెట్టండి. రెండింటికీ తేడా ఐదు గింజల లోపుంటే ధైర్యంగా చేసుకోవచ్చు. ఎక్కువుంటే 58 డిగ్రీలకు దించి సమయం 15 నిమిషాలకు పెంచి మళ్లీ చూడాలి. శుద్ధి చేశాక కూడా విత్తన ప్రమాణం ప్రకారం 80 శాతం మొలక ఉండాల్సిందే.

ఈ పరీక్ష ఒక్కోసారి మోసం చేస్తుంది. కొత్తగా కోసిన, నిద్రావస్థ ఉన్న విత్తనంలో శుద్ధి చేసిన గింజలే ఎక్కువ మొలవవచ్చు, ఎందుకంటే వేడి నిద్రను కొంత విరుస్తుంది. దాన్ని చూసి వేడి ఏమీ చేయలేదనుకుంటే పొరపాటే. నిద్రావస్థ వదిలాక అసలు సంగతి బయటపడుతుంది. నిద్ర తీయడానికి లీటరుకు 6.3 నుంచి 10 మిల్లీలీటర్ల నత్రికామ్లం వాడే అలవాటు ఉన్నవారు వేడినీళ్లు ముందు, ఆమ్లం తర్వాత అన్న వరస పాటించాలి. ఆమ్లంలో 24 గంటలు నానిన విత్తనాన్ని వేడినీళ్లలో వేయకూడదు.

వేడినీళ్లు చేయలేనివి కూడా చెప్పాలి, లేకపోతే రేపు నింద దీని మీద పడుతుంది. పొడ తెగులు నేలలోని గింజల్లాంటి శిలీంధ్ర ముద్దల నుంచి వస్తుంది. మానిపండు తెగులు పొట్టదశలో వాతావరణాన్ని బట్టి తగులుకుంటుంది. ఈ రెంటికీ విత్తనం శుద్ధి చేసి లాభం లేదు. అగ్గితెగులు నారుమడిలో తగ్గవచ్చు గానీ, మంచు కురిసే రోజుల్లో పక్క పొలం నుంచి గాలికొచ్చేదాన్ని ఇది ఆపదు. అగ్గితెగులుకు తేలిగ్గా లొంగే సాంబ మసూరి వేసినవాళ్లు విత్తనశుద్ధి చేశాం కదా అని చూసుకోకుండా ఉండిపోతే పంట పోతుంది. ఎండాకు తెగులు విషయంలో పుస్తకాల్లో 52 నుంచి 54 డిగ్రీల్లో 30 నిమిషాలని ఉంటుంది. గడ్డి నుంచి, కలుపు నుంచి, పారే నీళ్ల నుంచి కూడా ఆ తెగులు వస్తుంది కాబట్టి దానికోసమే అరగంట సేపు విత్తనాన్ని వేడిలో ఉంచడం మా దృష్టిలో లాభం కన్నా ప్రమాదం ఎక్కువ. జొన్నలో గింజ కాటుక గింజ పైన అంటుకుని ఉంటుంది. కిలోకు 4 గ్రాముల గంధకం పొడి పట్టిస్తే పోయే దానికి డ్రమ్ములు, థర్మామీటర్లు ఎందుకు?

ఇంటింటా ఈ పని చేయించాలని మేం అడగడం లేదు. చేయాల్సిన చోటు విత్తన పొలాలకు వేసే మూల విత్తనం. ఒక ఎకరం విత్తన పొలానికి వేసే పాతిక కిలోలు శుద్ధి చేస్తే, ఇరవై క్వింటాళ్ల దిగుబడి అనుకున్నా వచ్చే ఏడు ఎనభై ఎకరాలకు ఆ విత్తనమే పోతుంది. నులిపురుగు ఊళ్లోకి వచ్చే దారి అక్కడే మూసుకుపోతుంది. అదే పాతిక కిలోలు శుద్ధి చేయకుండా వదిలేసి, తర్వాత ఎనభై మంది రైతుల చేత ఎనభై డ్రమ్ములు పెట్టించడం అర్థంలేని పని. దేశీ రకాలు కాపాడుతున్నవారికి, మందులు వాడని సంఘాలకు కూడా ఇదే వర్తిస్తుంది. తల్లి విత్తనం మీద ఏడాదికోసారి జాగ్రత్తగా చేస్తే చాలు.

రైతు ఉత్పత్తిదారుల సంఘం గానీ, విత్తన గ్రామం గానీ దీనికోసం 200 లీటర్ల డ్రమ్ము, థర్మోస్టాట్ ఉన్న హీటరు, నీళ్లు తిప్పే చిన్న పంపు పెట్టుకోవచ్చు. పంపు ఉంటే అడుగుకీ పైకీ వేడి తేడా ఉండదు. హీటరు చుట్టూ జాలీ కట్టాలి, సంచి దానికి తగిలితే ఆ గింజలు వేగిపోతాయి. బజార్లో దొరికే కాయిల్ రాడ్డు పెట్టేవాళ్లు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే డ్రమ్ములో చెయ్యి పెట్టాలి. ఇనుప డ్రమ్ములో నడుస్తున్న రాడ్డు ప్రాణం మీదికి తెస్తుంది. 1500 వాట్ల రాడ్డు వంద లీటర్లను 60కి తేవడానికి రెండున్నర గంటలు తీసుకుంటుంది, తెల్లవారుజామునే వేయాలి. పని రోహిణి కార్తెకు ముందే ముగించుకుంటే విత్తనం ఆరబెట్టి, మొలక చూసుకుని, తేడా వస్తే వేరే విత్తనం తెచ్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. శుద్ధి చేసిన ప్రతి లాటుకూ ఒక చీటీ కట్టాలి. రకం పేరు, ముందు తేమ, ముంచినప్పుడు డిగ్రీలు, తీసినప్పుడు డిగ్రీలు, నిమిషాలు, శుద్ధికి ముందు తర్వాత మొలక శాతం అందులో ఉండాలి. ఆ చీటీ లేని సంచిని వేడినీటి శుద్ధి చేసిన విత్తనమని ఎవరు అమ్మినా కొనవద్దు.

ఇట్లు,
విత్తన ఆరోగ్య పరీక్షల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
గుంటూరు జిల్లా